మే నెలలో స్వెట్టరు

మే నెలలో స్వెట్టరు వేసుకున్న మనిషిని చూడాలంటే మంచు కొండల దాకా పోనక్కర్లేదు. మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఏదైనా పెద్ద ప్రభుత్వ కార్యాలయానికి పట్టపగలు వెళ్లండి. బయట కుక్కలు కూడా నీడ వెతుక్కుంటూ ఉంటాయి. లోపల గుమాస్తా మఫ్లరు చుట్టుకుని తుమ్ముతూ ఉంటాడు. ఆ మఫ్లరు విప్పించడం కోసమే ప్రభుత్వం నాకు ఇన్నేళ్లు జీతమిచ్చింది. విప్పినవాళ్లు తక్కువ.

నేను ప్రభుత్వ భవనాల విద్యుత్ విభాగంలో ఇంజినీరుగా పనిచేశాను. పాత భవనాల్లో ఏసీలు తాగే కరెంటును తగ్గించడం నా పని. పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయించడం, కిటికీ సందులు మూయించడం, పాత మిషన్లను బాగుచేయడం, బాగుపడనివాటిని మార్చడం. ఇప్పుడు దీన్ని రెట్రోఫిట్ అంటున్నారు. మేము మరమ్మతు అనేవాళ్లం, అందుకే మాకెవరూ కుర్చీ వేయలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఏం చదవమంటారని నన్ను అడుగుతున్నారు. లెక్కలు మీకు నాకన్నా బాగా వచ్చు. లెక్కల్లోకి రాని సంగతులు కొన్ని చెబుతాను. నా పదోన్నతులూ బదిలీలూ ఇక్కడ రాయడం లేదు. వాటిని మా ఆవిడే మరిచిపోయింది.

చల్లదనానికి ఒక క్రమం ఉంది

ఉద్యోగంలో చేరిన కొత్తలో కరీంనగర్‌లో నా మొదటి అధికారి నన్ను కూర్చోబెట్టి వృత్తి రహస్యం చెప్పాడు. "చూడు తమ్మీ, సాబ్ రూంల అడుగువెట్టంగనే అబ్బ అనాలె. సాబ్‌కు చెమట వట్టిందంటే మన డిపార్ట్‌మెంట్ ఇజ్జత్ పోయినట్టే."

ఆ మాటలో మా శాఖ సిద్ధాంతమంతా ఉంది. హోదా పెరిగేకొద్దీ ఏసీ మీద అంకె తగ్గుతుంది. చిన్న అధికారి గదిలో ఇరవై రెండు, ఆపై అధికారికి ఇరవై, అందరికన్నా పెద్దాయనకు పదహారు. మిషన్‌లో పదిహేను లేదు కాబట్టి సరిపోయింది. సాబ్ రావడానికి గంట ముందే అటెండరు మిషన్ వేస్తాడు. రిమోట్ అతని చొక్కా జేబులో ఉంటుంది, దాన్ని సాబ్ కూడా అడగడు. వచ్చిపోయేవాళ్ల కోసం తలుపు బార్లా తీసే ఉంటుంది. సాబ్ వచ్చాక కాసేపటికి చలివేస్తుంది, స్వెట్టరు వేసుకుంటాడు. మిషన్ తగ్గించమని మాత్రం అనడు. చలికి స్వెట్టరు ఉంది గానీ, తగ్గిన హోదాకు మందు లేదు.

ఈ క్రమం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. అందుకు కారణం మా బాపు. ఆయన మందమర్రిలో బొగ్గుబాయి మీద ఫ్యాన్ హౌస్‌లో పనిచేసేవాడు. భూమి లోపల పనిచేసేవాళ్లకు పైనుంచి గాలి అందించే పెద్ద ఫ్యాన్ అది. బాపు చదివింది నాలుగో తరగతి. అయినా నా ఇంజినీరింగ్ మొత్తం ఆయన ఒక్క మాటలో చెప్పాడు. "గాలి ఎవలకు ముందు పోవాలంటే, అందరికంటె లోపట ఎవడున్నడో వానికి పోవాలె బిడ్డా. పైన కూసున్నోనికి ఎట్లయిన అందుతది."

నేను చేరిన ఉద్యోగంలో అది తలకిందులుగా ఉంది. చెప్పుకుని బాధపడటానికి బాపు అప్పటికి లేడు.

ఆదిలాబాద్ చలి

ఆదిలాబాద్‌లో డిసెంబరు చలి ఎలా ఉంటుందో అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక కార్యాలయంలో కరెంటు ఎందుకు ఎక్కువ కాలుతోందో చూడమని పంపితే వెళ్లాను. ఒకే గదిలో ఏసీ నడుస్తోంది, బల్ల కింద రూం హీటరూ నడుస్తోంది. మధ్యలో ఒక పెద్ద గుమాస్తా ఉన్నిటోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఏసీ కంప్యూటర్ల పెద్ద డబ్బాకు, అదే సర్వరుకు; హీటరు ఆయనకు. ఒకటి గదిని చల్లబరుస్తుంటే రెండోది వెచ్చబరుస్తోంది. ఇద్దరు కోడళ్లున్న వంటిల్లులా ఉంది.

"పక్కగదిల కూసుంటె అయిపాయె గద సార్," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది నా సీటు. పద్నాలుగేండ్లయింది. గా డబ్బా నిన్నగాక మొన్నొచ్చింది. దాన్నే జరుపుండ్రి."

డబ్బానే జరిపాం. రెండు గదులకు వైర్లు కొత్తగా లాగాల్సివచ్చింది. ఆ రోజు నేను నేర్చుకున్నదేమిటంటే, ప్రభుత్వ భవనంలో గోడను కదిలించవచ్చు, కప్పును కదిలించవచ్చు, సీటును కదిలించలేం. మీ నక్షాల్లో సీట్లను గోడలుగా గీసుకోండి, చాలా సమయం కలిసివస్తుంది.

రాజన్న ఫొటో

ఇక అసలు సంగతికి వస్తాను. పెద్దపల్లి వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రి. పేరెందుకు, ఎక్కడైనా జరిగేదే. అందులో ముందువైపు సూపరింటెండెంటు గారి కార్యాలయం, వెనకవైపు పై అంతస్తులో పసిపిల్లల వార్డు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను అక్కడ మిషన్లలో ఉంచుతారు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు పాత జనరేటరు ఒక్కటే రెండు వైపులకూ దిక్కు. అది రెండు బరువులూ మోయలేక మూలిగి మూలిగి ఆగిపోయేది. వార్డుకు బ్యాటరీలు ఉండేవి గానీ ఎప్పుడో చచ్చిపోయాయి. కొత్త బ్యాటరీలు, పెద్ద జనరేటరు, రెండూ ఫైలులో క్షేమంగా ఉన్నాయి.

వార్డు నర్సు స్వరూప నన్ను మెట్ల దగ్గర ఆపింది. "సార్, మాకు ఏసీ పెంచకుండ్రి, తగ్గియ్యకుండ్రి. కరెంటు పోతె మా మిషన్లు ఆగకుంట జూడుండ్రి. గంతే. ఒక్కో పిల్ల కోడిపిల్లంత ఉంటది సార్. ఊపిరి మిషన్ ఆగితే నేను చేత్తోని ఒత్తాలె. నాకున్నయి రెండు చేతులే."

నాకు సమస్య అర్థమైంది. పెద్ద జనరేటరు నేను తేలేను. కార్యాలయం వైపు ఏసీల బరువు తగ్గిస్తే పాత జనరేటరే రెండు వైపులా మోస్తుంది.

మక్బూల్ భాయ్‌ని పిలిచాను. ఆయన కరీంనగర్ ఏసీ మెకానిక్. దుబాయ్‌లో పెద్ద పెద్ద భవనాల మిషన్లు చూసి, మోకాళ్లు అరిగాక తిరిగొచ్చినవాడు. ఇద్దరం కలిసి కార్యాలయం కప్పుకు తెల్లపూత వేయించాం. వార్డు కప్పుకు రెండో విడతలో వేద్దామని రాసుకున్నాను. కిటికీ సందులు మూయించాం. బయట వేడిగాలి వదిలే మిషన్లకు ఎవరో నాయకుడి స్వాగత ఫ్లెక్సీ అడ్డంగా కట్టి ఉంది. నాయకుడు వచ్చి పోయి ఏడాది. అది విప్పించాం. గోడమీద ఏసీని నడిపించే థర్మోస్టాట్‌కు ఇరవై నాలుగు దగ్గర తాళం వేశాం.

ఇంత చేసినా ఏసీ ఒక్క నిమిషం ఆగలేదు. సూపరింటెండెంటు స్వెట్టరు విప్పలేదు. మూడు వారాలు మేము చేయని పరీక్ష లేదు. చివరికి మక్బూల్ నేలమీద చతికిలబడి అన్నాడు, "సాబ్, మిషన్‌ల ఖరాబీ లేదు. మిషన్ బరాబర్ పనిజేస్తుంది. దానికి ఎవలో అబద్ధం జెప్తున్నరు."

అబద్ధం చెబుతున్నది ఒక ఎర్ర జీరో బల్బు. థర్మోస్టాట్ కింద, జానెడు దూరంలో, వేములవాడ రాజన్న ఫొటో. ఫొటో నెత్తిన రాత్రింబగళ్లు వెలిగే ఆ బల్బు. దాని వేడి నేరుగా పైకి పోయి థర్మోస్టాట్‌కు తగులుతోంది. గది ఎంత చల్లబడినా పాపం దానికి ఎండాకాలంలాగే ఉంది.

ఫొటో పెట్టింది అటెండరు రాజమల్లు. ముప్పై ఏళ్ల సర్వీసు, రిమోట్‌లు పుట్టకముందునుంచీ సాబ్‌ల గదులు చల్లబరుస్తున్న మనిషి. ఎందుకిక్కడ పెట్టావని అడిగితే చేతులు జోడించి చెప్పాడు.

"ముందుగాల గా కిటికి కాడ ఉండె సార్ స్వామి. అప్పుడు రూం ఉడుకు ఉడుకుండేది, పెద్దసారు నా మీద గరమయ్యేటోడు. గీడికి వచ్చినసంది సల్లగైంది. సారు ఒక్కమాట అంటలేడు. అంత రాజన్న దయ."

మనిషి గమనించింది తప్పు కాదు. మా శాఖలో ఇంత శ్రద్ధగా గమనించినవాణ్ని నేను చూడలేదు. కారణం ఒక్కటే కాస్త పక్కకు జరిగింది.

ఇప్పుడు ఫొటో తీయమని చెప్పాలి. నేను మక్బూల్ వైపు చూశాను. మక్బూల్, "మాఫ్ జెయ్యుండ్రి సాబ్, నన్ను మాత్రం చెప్పమనకుండ్రి," అని రెండడుగులు వెనక్కు వేశాడు. సూపరింటెండెంటును అడిగితే, "ఆయన్ని ఎందుకు కదిలించడం," అన్నారు. దేవుణ్ని జరిపే అధికారం మా శాఖలో ఏ స్థాయిలోనూ లేదు. థర్మోస్టాట్‌ను జరపడానికి నా సంతకం చాలు. దాన్ని ఎదుటి గోడకు మార్చాం. రాజన్న తన చోట తను ఉన్నాడు, ఏసీ మధ్యమధ్య ఆగడం నేర్చుకుంది, సూపరింటెండెంటు స్వెట్టరు కుర్చీ వీపుకు చేరింది.

మధ్యాహ్నం కరెంటు ఆపించి జనరేటరు వేసి చూశాం. రెండు వైపులా మోసింది. ఆగలేదు. స్వరూప పై నుంచి కిందికి చూసి చెయ్యి ఊపింది. ఆ రోజు నాకు నిజంగా సంతోషమైంది. బాపు గుర్తొచ్చాడు.

నేను చేసిన తప్పు

ఇక్కడిదాకా చదివి నన్ను మెచ్చుకున్నవాళ్లు ఆ మెప్పు వెనక్కు తీసుకోవచ్చు.

పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సులో ఒక సీటు ఖాళీ అయితే ఏమవుతుందో మీకు తెలుసు. ఎక్కేవాళ్లు ఇంకా తలుపు దగ్గరే ఉంటారు, కిటికీలోంచి తువ్వాలు వచ్చి సీటు మీద పడుతుంది. మిగిలిన కరెంటు కూడా అలాంటి సీటే. దాని మీద వార్డు పేరుతో తువ్వాలు వేయాల్సినవాణ్ని నేను. అంటే, జనరేటరు నుంచి వార్డుకు విడిగా ఒక లైను లాగి, ఇంకెవరూ అందులో వేలు పెట్టకుండా తాళం వేయాలి. ఆ పని చేయకుండా నేను సమీక్ష సమావేశంలో లేచి నిలబడి, జనరేటరు మీద ఇంత ఖాళీ మిగిల్చామని గొప్పగా ప్రకటించాను.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కడుపు కోసి కుట్టడంలో ఆ చుట్టుపక్కల అంత మంచి చెయ్యి లేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం అందరిలాంటివాడే. "ఖాళీ ఉందన్నమాట," అన్నారు. "అయితే మీటింగ్ హాలుకు ఏసీలు పెట్టించొచ్చు."

కాదు, అది పిల్లల వార్డు కోసం మిగిల్చింది, అనాలి. నేను తల ఊపాను. అప్పుడే అందరూ చప్పట్లు కొట్టారు, ఆ మత్తులో ఉన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల కన్నా ఆ తల ఊపడం ఎక్కువ హాని చేసింది.

హాలుకు ఏసీలు వచ్చాయి. వాటిని ప్రారంభించే సందర్భం కావాలి కదా. కరెంటు పొదుపు చేసినందుకు నాకు సన్మానం పెట్టారు.

మే నెల, మిట్ట మధ్యాహ్నం. కొత్త ఏసీలన్నీ పదహారు మీద. వేదిక మీద నా భుజాలకు శాలువా కప్పారు. ఉద్యోగ జీవితంలో చాలా శాలువాలు కప్పించుకున్నాను గానీ, అవసరమై కప్పుకున్నది అదొక్కటే. ఒక అధికారి మైకులో నా పొదుపు గురించి చెబుతుండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. బరువు మోయలేక ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. వెనక వరసలోంచి ఎవరో, "ఇంజినీరు సాబ్ పొదుపు జర ఎక్కువైంది," అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రాజమల్లు నవ్వలేదు. మంచినీళ్ల పళ్లెం పట్టుకుని వరసల మధ్య నిలబడి ఉన్నాడు. అతని కూతురికి ఎనిమిదో నెలలో కాన్పయింది. పిల్ల వారం రోజులుగా పై వార్డులో ఊపిరి మిషన్ మీద ఉంది. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పొద్దున అతనే చెప్పాడు, "ఇయ్యాల గొట్టంతోని జర పాలు తాగింది సార్," అని.

పళ్లెం ఒక అధికారి ముందు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. పరుగెత్తలేదు. స్విచ్ బోర్డు గదిలోకి వెళ్లి హాలుకు పోయే మెయిన్ స్విచ్ దించాడు. ఆ తర్వాత పెద్దసారు గదిదీ దించాడు. అక్కడే జనరేటరుతో తంటాలు పడుతున్న మక్బూల్‌తో, "ఇప్పుడెయ్యి," అన్నాడు. బరువు దిగిన జనరేటరు ఈసారి నిలబడింది.

నేను వార్డుకు పరుగెత్తాను. తెల్లపూత పడని కప్పు కింద అది కొలిమిలా ఉంది. కరెంటు అప్పుడే వచ్చింది, మిషన్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. స్వరూప ఒక పసిగుడ్డు మూతి మీద చిన్న మాస్కు పెట్టి చేత్తో గాలి ఒత్తుతోంది. రాజమల్లు మనవరాలు. స్వరూప చెమట పిల్ల మీద పడకుండా పక్కన ఒకామె కొంగుతో తుడుస్తోంది. మిషన్ మళ్లీ అందుకునేదాకా ఆమె చెయ్యి ఆపలేదు. తల కూడా ఎత్తకుండా నాతో అంది, "నిలవడి ఏం జూస్తుండ్రు సార్? గా శాలువ ఇప్పి గా తల్లులకు ఇసురుండ్రి. ఫ్యాన్లు ఇంక తిరుగుతలేవు."

విప్పి విసిరాను. జరీ శాలువా, బరువుగా ఉంది, గాలి సరిగ్గా రాదు. అయినా ఫ్యాన్లు తిరిగేదాకా విసిరాను. చాలా సిగ్గేసింది.

పిల్లలకు ఏమీ కాలేదు. అందులో ఇంజినీరింగ్ గొప్పతనం రవ్వంత కూడా లేదు. స్వరూప రెండు చేతులూ, రాజమల్లు ఒక చెయ్యీ.

తువ్వాలు

తర్వాతి ఆదివారం నేను, మక్బూల్ కలిసి జనరేటరు నుంచి వార్డుకు విడిగా లైను లాగాం. ఎవరికీ చెప్పలేదు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి స్వరూప చేతిలో పెట్టాం. వార్డు కప్పుకు తెల్లపూత కూడా అదే నెలలో వేయించాను. మీరు ఏ భవనంలో కరెంటు మిగిల్చినా ముందు వైరు లాగండి. ప్రకటన తర్వాత. ప్రకటన మానేసినా నష్టం లేదు.

కానీ ఆదివారానికి ముందు ఒక సోమవారం ఉంది. ఆ సోమవారం నన్ను ప్రమాదం మీద నివేదిక అడిగారు. "సాంకేతిక లోపం వల్ల" అని రాశాను. అంతే. ఎవరి లోపమో రాయలేదు. కారణం నా కాగితంలో లేదు కాబట్టి పైవాళ్లు ఇంకోచోట వెతికి రాజమల్లుకు మెమో ఇచ్చారు. సమావేశం జరుగుతుండగా ఎవరి అనుమతితో విద్యుత్తు నిలిపివేసితివో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

రాజమల్లు దాన్ని మడతపెట్టి నా దగ్గరికి తెచ్చాడు. "మీ కాయితం ఎంబడి వచ్చింది గద సార్. జవాబు గూడ మీరే రాయుండ్రి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త సులువయ్యేది. నేను నా నివేదిక తిరగరాశాను. ఖాళీ ఉందని చెప్పినవాణ్ని నేను, వార్డుకు లైను లాగనివాణ్ని నేను, హాలు ఏసీలకు తల ఊపినవాణ్ని నేను అని నా పేరుతోనే రాశాను. అందుకు ఫలితంగా నాకు ఏం రాలేదో ఇక్కడ రాయనని ముందే చెప్పాను.

తర్వాత అతని తరఫున రెండు పేజీల సంజాయిషీ రాసి చదివి వినిపించాను. లోడు, సామర్థ్యం, అత్యవసర పరిస్థితి, క్షమాపణ, అన్నీ ఉన్నాయి. అతను ఓపిగ్గా విన్నాడు.

"మంచిగున్నది సార్. కాని గిది మీ జవాబు. నాది గింత పొడుగుండదు."

తెల్లకాగితం తీసుకుని అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క అక్షరం దిద్దలేదు. కింద సంతకం పెట్టి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ కాగితానికి పైనుంచి ఇంతవరకూ తిరుగు జవాబు లేదు. రాజమల్లు రిటైరయ్యాడు, నేనూ అయ్యాను, ఆ పిల్ల బడికి పోతోంది. నకలు ఒకటి నా దగ్గర ఉంది. ఏం చదవమంటారని అడిగే పిల్లలకు అదే చూపిస్తాను.

"అయ్యా, ముప్పై ఏండ్ల సంది నేను దినాం స్విచ్ ఏసిన. ఎవల పర్మిషన్‌తోని ఏసినవని ఒక్కనాడు గూడ ఎవలు అడుగలే. ఒక్కనాడు బంద్ జేసిన."